నాటకం ఎక్కడ పుట్టింది? - ఏథెన్స్ కొండవాలు నుంచి కొల్లేటి గట్టు దాకా



వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే మన హాస్టల్లో మొదట వినబడే ప్రశ్న "ఈసారి నాటకం ఏంట్రా?" అని. నాలుగు బల్లలు జోడిస్తే స్టేజి. రెండు దుప్పట్లు కలిపి కుడితే తెర. శుభలేఖల అట్టలు కత్తిరించి మెరుపు కాగితం అంటిస్తే కిరీటం. మేము పదో తరగతిలో ఉండగా 'సత్య హరిశ్చంద్ర' లోని కాటిసీను వేశాం. వీరబాహు వేషం కట్టినవాడి మీసానికి జిగురు చాలక, సరిగ్గా కోపంగా మాట్లాడాల్సిన చోట అది ఊడి కింద పడింది. వంట చేసే అమ్మతో సహా అందరూ నవ్వారు. హరిశ్చంద్రుడు మాత్రం పద్యం ఆపలేదు. రాగం ఇంకాస్త పొడిగించి, వీరబాహు మీసం వెతుక్కునేదాకా నెట్టుకొచ్చాడు.

ఆ నాటకం వేసిన మాలో కొందరం ఇప్పుడు పి.జి. దాకా వచ్చాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా పట్టుకున్నది మేమే మొదలు. ఎం.ఏ. చరిత్రలో ప్రాచీన గ్రీకు, రోమన్ నాగరికతలు ఒక పేపరు. అందులో "నాటకం ఎక్కడ పుట్టింది?" అనే ప్రశ్నకు "గ్రీసు దేశంలో" అని రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ పాఠం చదువుతున్నంతసేపూ మాకు మన మండవల్లి, కైకలూరు పక్క జాతరలే కళ్లముందు ఆడాయి. అందుకే ఆ రెండు మార్కుల జవాబును కొంచెం పొడుగ్గా రాసి ఈ సంచికకు ఇస్తున్నాం. కింది తరగతుల తమ్ముళ్లకు గ్రీకు పేర్లు నోరు తిరగకపోతే దిగులు పడవద్దు. మాకూ తిరగలేదు.

ద్రాక్షసారా దేవుడి జాతర

గ్రీకులకు డయోనైసస్ అని ఒక దేవుడు. ద్రాక్షతోటలకు, ద్రాక్షసారాకు, పూనకానికి ఆయనే అధిపతి. ఏథెన్స్ నగరంలో ఏటా వసంతకాలం మొదట్లో, అంటే ఇంచుమించు మన కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతర జరిగే ఫాల్గుణ మాసం రోజుల్లో, ఆయనకు పెద్ద ఉత్సవం జరిగేది. విగ్రహం ఊరేగింపు, బలులు, గుంపులు గుంపులుగా చేరి పాడుతూ ఆడటం. ఒక్కొక్క గుంపులో 50 మంది. గుండ్రంగా తిరుగుతూ దేవుడి కథను పాటగా చెప్పేవారు. ఈ బృందాన్ని 'కోరస్' అన్నారు. మన కోలాటం గుంపునో, భజన గుంపునో మనసులో పెట్టుకుంటే సరిపోతుంది.

ఆ గుంపులోంచి ఒక మనిషి బయటికి వచ్చి, "ఆయన ఇలా అన్నాడు" అని చెప్పడం మానేసి, తానే 'ఆయన' అయిపోయి మాట్లాడాడు. గుంపు అడిగింది, అతను జవాబిచ్చాడు. నాటకం పుట్టింది అక్కడే అని చెబుతారు. ఆ మనిషి పేరు థెస్పిస్. క్రీ.పూ. 534 ప్రాంతంలో ఏథెన్స్ ఉత్సవంలో అతను ప్రదర్శన ఇచ్చాడని సంప్రదాయంగా వస్తున్న మాట. గ్రీకు భాషలో నటుడిని 'హైపోక్రిటెస్' అంటారు. జవాబు చెప్పేవాడు అని దాని అర్థాల్లో ఒకటి. అదే మాట తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లి 'పైకి ఒకటి, లోపల ఒకటి' అనే తిట్టుగా మారింది. నటుడి బతుకు ఏ దేశంలోనైనా అంతేనేమో అని మాకనిపించింది.

థెస్పిస్ గురించి ప్లూటార్క్ ఒక కథ రాశాడు. ఏథెన్స్‌కు చట్టాలు చేసిన సోలన్ ముసలితనంలో అతని ఆట చూశాడట. ఆట అయ్యాక పిలిచి, ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలు చెప్పడానికి సిగ్గు లేదా అని అడిగాడట. ఆటలో అయితే తప్పులేదు కదా అని థెస్పిస్ జవాబు. కర్ర నేలకు కొట్టి, ఆటలో మెచ్చుకుంటే రేపు వ్యవహారాల్లోనూ ఇదే చేస్తారని సోలన్ మండిపడ్డాడట. వేషాలు వద్దు, చదువుకోండి అనే పెద్దవాళ్లు మన వైపే కాదన్నమాట, రెండున్నర వేల ఏళ్ల కిందటి ఏథెన్స్‌లోనూ ఉన్నారు.

మొదట నటుడు ఒక్కడే. రెండో నటుణ్ణి తెచ్చినవాడు ఈస్కిలస్, మూడోవాణ్ణి తెచ్చినవాడు సోఫోక్లిస్ అని అరిస్టాటిల్ చెప్పాడు. రెండో నటుడు రావడం చిన్న సంగతి కాదు. ఒక్కడుంటే కథ చెప్పగలడు. ఇద్దరుంటే పోట్లాడుకోగలరు. పోట్లాట ఉంటేనే నాటకం. ఆడవేషాలు కూడా మగవాళ్లే ముసుగులు తగిలించుకుని వేసేవారు. ఇందులో మనకు వింత ఏమీ లేదు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు నాటకాల్లో ఆడవేషాలు వేసే సినిమాలకు వెళ్లారు. సత్యభామ వేషంతో పేరు మోసిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది.

మనం రోజూ వాడే 'థియేటర్' అనే మాట గ్రీకులదే. చూసే చోటు అని అర్థం. కొండవాలును మెట్లుగా చెక్కి జనం కూర్చునేవారు. కింద చదునైన నేల మీద ఆట. దాని వెనుక వేషాలు మార్చుకోవడానికి ఒక గుడారం. దాన్ని 'స్కీనే' అనేవారు. మనం 'కాటిసీను' అంటున్నప్పుడు ఆ 'సీను' మాట వచ్చింది ఆ గుడారం నుంచే! ఎపిడారస్ అనే చోట క్రీ.పూ. 4వ శతాబ్దంలో కట్టిన రంగస్థలం ఇప్పటికీ నిలిచి ఉంది. సుమారు 14 వేల మంది పడతారు. మైకు లేదు. అయినా కింద మాట్లాడితే పై మెట్టుకు వినబడుతుంది.

ముందు వరసలో ఎవరు?

ఈ భాగం కోసమే అసలు మేము ఈ వ్యాసం రాయాలనుకున్నాం.

ఏథెన్స్ ఉత్సవం ఐదారు రోజులు సాగేది. నాటకాలకు పోటీ ఉండేది. ఖర్చు భరించడం ధనవంతుల మీద నగరం వేసిన బాధ్యత. పదిమంది తీర్పరులు ఓటు వేస్తే, అందులో ఐదు ఓట్లు మాత్రమే చీటీ తీసి లెక్కపెట్టేవారు. ఎవరికి లంచం ఇవ్వాలో తెలియకుండా చేసిన ఏర్పాటులా ఉంది అది. ప్రవేశానికి రెండు ఓబుళ్ల నాణేలు. పేద పౌరుడు డబ్బులేక ఆగిపోకూడదని తర్వాతి కాలంలో నగరమే ఆ పైకం ఇచ్చేది.

ఆ ఉత్సవంలో నాటకాలు మొదలయ్యే ముందు ఒక కార్యక్రమం జరిగేది. యుద్ధంలో చనిపోయినవాళ్ల పిల్లలను నగరమే తన ఖర్చుతో పెంచేది. వాళ్లు పెద్దయ్యాక, ఆ వేల మంది ఎదుట, రంగస్థలం మీదికి నడిపించేవారు. ఒంటి మీద నగరం ఇచ్చిన కవచం, చేతిలో డాలు. ఒక ప్రకటనకర్త లేచి, వీరి తండ్రులు మనకోసం పోయారు, వీరిని ప్రజలు పెంచారు, ఇక వీరు తమ కాళ్లమీద నిలబడతారు అని చాటేవాడు. ఆ తర్వాత ఆ కుర్రాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టేవారు.

క్లాసులో ఇది చదివిన రోజు మేము ఆ పేజీ దాటలేకపోయాం. మనం కూడా ప్రభుత్వ ఖర్చుతో పెరిగినవాళ్లమే. ట్రంకు పెట్టె, రెండు జతల బట్టలు, ఒక పళ్లెం, ఒక గ్లాసుతో వచ్చినవాళ్లమే. కాలేజీలో "ఏ హాస్టలు?" అని ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి చెప్పిన రోజులు మాలో అందరికీ ఉన్నాయి. సర్కారు కూడు అనే మాట బస్సులో వినబడితే కిటికీలోంచి బయటికి చూసిన రోజులూ ఉన్నాయి. ఏథెన్స్‌లో మాత్రం ప్రజల సొమ్ముతో పెరగడం ముందు వరసకు అర్హత అయింది.

అలాగని ఏథెన్స్‌ను ఆకాశానికి ఎత్తడం మా ఉద్దేశం కాదు. ఆ నగరంలో వేలాది బానిసలున్నారు. వెండి గనుల్లో వాళ్లు చచ్చేదాకా పనిచేశారు. ఓటు పౌరులైన మగవాళ్లకే. నాటకం చూడటానికి ఆడవాళ్లను రానిచ్చారా లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అయితే ఆ రంగస్థలం మీదే ఓడిపోయినవాళ్ల ఏడుపు కూడా వినిపించింది. మనకు దొరికిన గ్రీకు నాటకాల్లో పాతది క్రీ.పూ. 472 నాటి ఈస్కిలస్ నాటకం 'పర్షియన్లు'. ఏథెన్స్ ఓడించిన శత్రువుల ఇంట్లో చావు కబురు ఎలా చేరిందో అందులో చూపాడు. క్రీ.పూ. 415లో యురిపిడిస్ 'ట్రాయ్ స్త్రీలు' వేశాడు. అంతకు కొద్ది నెలల ముందే ఏథెన్స్ సైన్యం మెలోస్ దీవిలో మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మింది. చూసేవాళ్లకు ఎవరి గురించి చెబుతున్నాడో అర్థం కాకపోదు.

దీనికీ ఒక హద్దు ఉంది. అంతకుముందు ఫ్రినికస్ అనే కవి, పర్షియన్ల చేతిలో నాశనమైన మిలేటస్ నగరం గురించి నాటకం వేస్తే ప్రేక్షకులంతా భోరున ఏడ్చారట. మన బాధ మనకే గుర్తుచేశాడని ఆయనకు 1000 డ్రాక్మాలు జుర్మానా వేసి, ఆ నాటకం ఇంకెప్పుడూ వేయకూడదన్నారు. మన దగ్గర సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల 'మా భూమి' నాటకాన్ని 1947లో ప్రజానాట్యమండలి ఊరూరా ఆడితే మరుసటి ఏడే నిషేధించారు. 2022 జనవరిలో కాళ్లకూరి నారాయణరావు గారి 'చింతామణి' ప్రదర్శనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. కారణాలు వేరు. చింతామణి విషయంలో ఒక కులాన్ని కించపరిచే వేషం ఉందన్న బాధ కూడా అబద్ధం కాదు. నాటకం అంటే ప్రభువులు ఉలిక్కిపడటం మాత్రం పాత అలవాటే.

రోమ్: బానిసలు రాసిన నాటకాలు

రోమన్ల సంగతి తొందరగా చెప్పుకుందాం, ఒక్క టెరెన్స్ దగ్గర మాత్రం ఆగుదాం.

క్రీ.పూ. 364లో రోమ్‌లో అంటురోగం వచ్చింది. ఏం చేసినా తగ్గలేదు. దేవుళ్లను శాంతపరచడానికి ఎట్రూరియా నుంచి ఆటగాళ్లను పిలిపించి ఆడించారు అని లివీ రాశాడు. కలరా వచ్చినా, మశూచి వచ్చినా అమ్మవారికి కొలుపులు చేసి, డప్పు కొట్టించి, ఆట ఆడించిన మన ఊళ్ల పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. భయం నుంచి కూడా ఆట పుడుతుంది.

క్రీ.పూ. 240లో లాటిన్ భాషలో మొదటి నాటకం వేసినవాడు లివియస్ ఆండ్రోనికస్. గ్రీకువాడు, బానిసగా రోమ్‌కు వచ్చి విడుదలైనవాడని చెబుతారు. ఇక టెరెన్స్. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస కుర్రవాడు. యజమాని అతని తెలివి చూసి చదువు చెప్పించి విడిచిపెట్టాడు. టెరెన్స్ అన్న పేరు కూడా ఆ యజమానిదే, పుట్టినప్పుడు అమ్మ పెట్టిన పేరేమిటో మనకు తెలియదు. క్రీ.పూ. 166లో మొదటి నాటకం వేశాడు. చిన్న వయసులోనే పోయాడు. రాసింది ఆరు నాటకాలు, ఆరూ మిగిలాయి. తర్వాత వందల ఏళ్లపాటు యూరప్‌లో పిల్లలు లాటిన్ నేర్చుకున్నది ఈ బానిస రాసిన వాక్యాలతోనే. ఇంత బాగా అతనెలా రాస్తాడు, వెనుక ఎవరో పెద్దింటి స్నేహితులు రాసిపెడుతున్నారు అన్న పుకారు అతను బతికుండగానే పుట్టింది. మన క్లాసులో ఫస్టు వచ్చినవాడికి ఎదురయ్యే మాటలు మనకు కొత్త కాదు కదా.

నాటకాన్ని ఇంతగా ఇష్టపడిన రోమన్లు నటుణ్ణి మాత్రం నీచంగా చూశారు. రంగం ఎక్కి బతికేవాడికి పరువు లేదని చట్టమే చెప్పింది. క్రీ.పూ. 46లో జూలియస్ సీజర్, లబేరియస్ అనే పెద్ద కులీనుణ్ణి తన నాటకంలో తానే వేషం కట్టమని బలవంతపెట్టాడు. ఎక్కిన ఒక్క రోజుకే ఆయన హోదా పోయింది. సీజర్ మళ్లీ ఉంగరం తొడిగితేగాని తిరిగిరాలేదు. ఆ రోజు పోటీలో ఆయన్ను గెలిచిన పబ్లిలియస్ కూడా ఒకప్పటి బానిసే!

కూర్చోవడంలోనూ అంతే. క్రీ.పూ. 194 నుంచి సెనేటర్లకు వేరే చోటు. 67లో చేసిన చట్టంతో వారి వెనుక 14 వరసలు ధనవంతులైన ఆశ్వికులకు. అగస్టస్ కాలంలో ఆడవాళ్లను చివరికి పంపారు. మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూస్తే అతని అంతస్తు తెలిసిపోయేది. రోమన్ల గురించి ఇంతకన్నా చెప్పాల్సింది మాకు కనబడలేదు.

మన నేల మీద

భరతుని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఒక కథ ఉంది. నాలుగు వేదాలు శూద్రులు వినకూడనివి కాబట్టి, అన్ని వర్ణాలవారికీ పనికొచ్చే ఐదో వేదం కావాలని దేవతలు అడిగితే బ్రహ్మ నాట్యాన్ని చేశాడట. వినడానికి బాగానే ఉంది. కానీ అదే గ్రంథం చివరికి వెళితే, భరతుని కొడుకులు ఆటలో మునులను వెక్కిరించి శాపం తిని శూద్రులైపోయారని ఉంటుంది. అందరికోసం పుట్టిన ఆట ఆడినవాడు కులం పోగొట్టుకున్నాడు. లబేరియస్ కథ చదివిన వారానికే ఇది చదివాం కాబట్టి మాకు రెండూ ఒక్కటిగానే కనిపించాయి.

తెరకు సంస్కృతంలో 'యవనిక' అని పేరు. యవనులు అంటే గ్రీకులు. కాబట్టి మన నాటకం గ్రీకుల దగ్గర నేర్చుకున్నదే అని వెనకటి యూరప్ పండితులు కొందరు వాదించారు. చిక్కేమిటంటే గ్రీకు రంగస్థలానికి అసలు మన వంటి తెరే లేదు! లేని తెరను మనకెలా ఇస్తారు? ఆ గుడ్డ యవన దేశాల నుంచి వచ్చిందేమో అన్నంతవరకే నమ్మదగ్గది.

అయితే రోమ్‌కూ మనకూ రాకపోకలు లేవని కాదు. గుడివాడ, పామర్రు దాటితే కూచిపూడి, ఇంకాస్త ముందుకెళితే ఘంటసాల. ఆ ఘంటసాలనే క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలమీ 'కంటకోస్సిల' రేవుగా రాశాడని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. డ్యాము నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ జరిపిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం ఒకటి బయటపడింది. మధ్యలో దీర్ఘచతురస్రంగా నేల, నాలుగువైపులా మెట్లు. దాన్ని విప్పి తెచ్చి ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న అనుపు దగ్గర మళ్లీ కట్టారు. రోమన్ల ఆటస్థలం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఇది అలా లేదు. అందుకే ఇది రోమన్ల నకలు అని తేల్చి చెప్పలేం. కానీ అదే నాగార్జునకొండలో ఒక స్తంభం మీద, నడుము పైన బట్టలేని గడ్డపు మనిషి చేతిలో కొమ్ముపాత్ర పట్టుకుని ఉన్న శిల్పం ఉంది. అది డయోనైసస్సే అని కొందరు పరిశోధకులు అన్నారు. ఏథెన్స్‌లో నాటకాన్ని పుట్టించిన దేవుడు కృష్ణ ఒడ్డుదాకా వచ్చాడో ఏమో!

డిగ్రీలో ఉండగా మేము అనుపు వెళ్లాం. కింద నిలబడి ఒకడు హరిశ్చంద్ర పద్యం ఎత్తుకున్నాడు. పై మెట్టు మీద ఉన్నవాళ్లకు దీర్ఘాలతో సహా వినబడింది.

తెలుగు నాటకం మెట్ల మీద పెరగలేదు, వీధిలో పెరిగింది. ఇద్దరు మనుషులు అడ్డంగా పట్టుకున్న గుడ్డ తెర. రెండు దివిటీలు వెలుతురు. రాక్షసుడు ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. కూచిపూడి భాగవతులు మొదట్నుంచీ బ్రాహ్మణ మగవాళ్లు. వాళ్లు దేవుడి ఆట మాత్రమే ఆడలేదు. 1500 ప్రాంతంలో సిద్ధవటం సీమను ఏలిన సంబెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లను హింసిస్తుంటే, భాగవతులు విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల ఎదుట ఆ దారుణాన్నే ఆటగా ఆడి చూపారని మాచుపల్లి కైఫియతు చెబుతోంది. రాయలు సైన్యాన్ని పంపాడు. అర్జీ పెట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి మాకు తెలియదు.

గుడి ముందు ఆట చూడటానికి మనవాళ్లకు చోటులేని రోజుల్లో మన వాడలకు మన ఆటగాళ్లే ఉన్నారు. తెలంగాణలో మాదిగలను ఆశ్రయించి బతికిన చిందువారు చిందు భాగవతం ఆడారు, జాంబపురాణం చెప్పారు. వాళ్లలో ఆడవాళ్లు కూడా వేషం కట్టారు. చిందుల ఎల్లమ్మ మగవేషాలు వేసి మెప్పించింది. 2005లో కన్నుమూసింది. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. పాఠ్యపుస్తకాల్లో ఆధునిక తెలుగు నాటకం 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో వేయించిన 'వ్యవహార ధర్మబోధిని'తో మొదలవుతుంది. ప్లీడర్ల మోసాలను వెక్కిరించే నాటకం అది. విద్యార్థులు అన్న మాట గమనించండి. మన బల్లల స్టేజికి అంత పాత వంశం ఉంది. 1885లో సురభి వాళ్లు 'కీచకవధ'తో బయల్దేరి, కుటుంబాలకు కుటుంబాలే బండ్లెక్కి ఊళ్లు తిరిగారు.

తాత పెట్రోమాక్స్ లైటు

ఇక మా ఇంటి సంగతి. మా తాత కొల్లేటి పక్క ఊళ్లలో నాటకాలకు పెట్రోమాక్స్ లైట్లు మోసేవాడు. సాయంత్రం మాంటిల్ కట్టి, పంపు కొట్టి, నాటకం ఆడినంతసేపూ లైటు మసకబారకుండా చూసుకోవడం ఆయన పని. లైటు తెచ్చేటప్పుడు స్టేజి పక్కదాకా రానిచ్చేవారు. లైటు తగిలించాక మాత్రం కాలవ అవతలి గట్టు మీదికి వెళ్లి మనవాళ్లతో కూర్చోవాలి. మసకబారితే పిలుస్తారు, వచ్చి పంపు కొట్టి మళ్లీ వెళ్లాలి. ఏ ఊరు, ఎవరు అని తాతను అడిగితే "అన్ని ఊళ్లూ అంతేరా" అనేవాడు.

ఆయనకు అక్షరం ముక్క రాదు. కానీ కాటిసీను మొత్తం నోటికి వచ్చు. చేపల చెరువు మీద రాత్రి కాపలాకు వెళితే గట్టు మీద నిలబడి ఎత్తుకునేవాడు. మేము హాస్టల్లో చేరక ముందు పద్యం అంటే ఏమిటో నేర్చుకున్నది ఆ గట్టు మీదే.

కాటిసీను గురించి తమ్ముళ్లకు ఒక మాట చెప్పాలి. 'సత్య హరిశ్చంద్ర' రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. కానీ కాటిసీనులో నటులు గుక్క తిప్పుకోకుండా పాడి చప్పట్లు కొట్టించుకునే శ్మశానపు పద్యాలు ఆయనవి కావు. అవి గుర్రం జాషువా గారివి. నటులు వాటిని తీసుకుని నాటకంలో కలిపేసుకున్నారు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా గారు అంటరానితనం అంచులన్నీ చూసినవారు. రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే ఉద్యోగం చేశారు. ఆయన పద్యాలు పాడి బంగారు మెడల్ వేయించుకున్న నటుల పేర్లు ఊళ్లలో చెప్పుకుంటారు. రాసినవాడి పేరు మైకులో చెప్పడం మేమెప్పుడూ వినలేదు.

తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు ఈ సంగతి చెప్పారు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లి "తాతా, నువ్వు పాడే పద్యాలు ఎవరు రాశారో తెలుసా?" అని అడిగాం.

"హరిశ్చంద్రుడే కదరా" అన్నాడు.

"కాదు తాతా. జాషువా గారు. మనాయనే."

తాత కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. బీడీ ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకున్నాడు. "అయితే నేను లైటు పట్టింది మనోడి పద్యానికేనన్నమాట" అన్నాడు. కాసేపాగి, "కాలవ అవతల నుంచి విన్నా బాగానే వినబడేదిలే" అన్నాడు.

ఆ సీను కథ ఏమిటో ఇప్పుడు మళ్లీ ఆలోచించండి. రాజు అమ్ముడుపోయి బానిస అవుతాడు. వీరబాహు కొనుక్కుని కాటికాపరిగా పెడతాడు. స్టేజి మీద రాజు మనవాళ్ల పని చేస్తున్నాడు. ఆ పని నిజంగా చేసేవాళ్లు కాలవ అవతల కూర్చుని చూస్తున్నారు. లైటు కూడా వాళ్లదే. ఊరంతా ఏడ్చేది. తెల్లారాక చాపలు చుట్టేసి ఎవరి దారిన వాళ్లు పోయేవారు. గ్రీకు నాటకం చూస్తే మనసులోని జాలి, భయం కడిగినట్టు పోతాయని అరిస్టాటిల్ అన్నాడు. ఈ ఒక్కచోట మాకు ఆయనతో పేచీ ఉంది. జాలి అంతా నాటకంలోనే ఖర్చయిపోతే తెల్లారి కాలవ దాటడానికి ఏం మిగులుతుంది?

అందుకే మాకు బోయి భీమన్న గారి 'పాలేరు' అంటే ఎక్కువ ఇష్టం. మామిడికుదురులో 1911లో పుట్టిన భీమన్న గారు 1940లో రాసిన నాటకం. పొలంలో పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు. అంతే కథ. కవిత్వం కోసం వెతికితే కాటిసీనంత గొప్పగా ఉండదు, ఆ మాట దాచము. కానీ ఆ నాటకం చూసి తమ పిల్లలను పాలేరు పని మాన్పించి బడిలో వేసినవాళ్లు గోదావరి జిల్లాల్లో చాలామంది ఉన్నారని పెద్దలు చెబుతారు. భీమన్న గారికి 2001లో పద్మభూషణ్ వచ్చింది. 2005లో కాలం చేశారు. మన హాస్టల్లో చేరకపోతే మాలో సగం మంది చెరువుల్లో మేత బస్తాలు కట్టే పనిలోనే ఉండేవాళ్లం కాబట్టి, ఆ కుర్రవాడి వేషం కట్టడానికి మేకప్ కూడా అక్కర్లేదు.

ఈ ఏడు వార్షికోత్సవానికి 'పాలేరు' లోంచి రెండు రంగాలు, చివర్లో కాటిసీను వేద్దామని పూర్వ విద్యార్థులం అనుకున్నాం. వార్డెన్ గారు సరే అన్నారు. రిహార్సల్స్ రాత్రి స్టడీ అవర్ అయ్యాక భోజనాల హాల్లో జరుగుతాయి. ఏడో తరగతి తమ్ముళ్లు కూడా పేర్లు ఇవ్వవచ్చు, కోరస్‌కు మనుషులు చాలడం లేదు. మీసాలకు ఈసారి మంచి జిగురు తెస్తున్నాం. కాటిసీను మొదలయ్యే ముందు జాషువా గారి పేరు మైకులో రెండుసార్లు చెప్పాలని నిర్ణయించాం. మా తాత వస్తానన్నాడు. ముందు వరసలో ఒక కుర్చీ ఆయనకు వేయించాం, దాని పక్కన వంట చేసే అమ్మకు ఒకటి.